ఆరు బై నాలుగు ఊరు

సొసైటీ గుమస్తా మొగిలి తెచ్చిచ్చిండు
లామినేషన్ చేసిన ఒక బొమ్మ.
ఫ్రాన్సు దేశంల ఏదో పల్లెటూరట,
ఎవలో ఎప్పుడో నూనెరంగులతోటి గీసిందట.
"గిదే, ఉన్నదున్నట్టు, జంపఖాన మీదికి దిగాలె" అన్నడు.
ఆరు బై నాలుగు. ఉగాది లోపట.

మా నాయిన ఆడెపు సారంగపాణి
మూడు దినాలు మగ్గం మీద చెయ్యి పెట్టలే.
బొమ్మను గోడకు మొలకొట్టి
బీడి ఎలిగిచ్చుకొని దాని ముందట కూసున్నడు,
సంబంధం చూడవోయిన ఇంట్ల కూసున్నట్టు.

రాతి గోడలు. నీలం తలుపులు, అన్నీ ఏసే ఉన్నయి.
ఒంపు తిరిగిన బాట. దాని కొసకు
మొనదేలిన చర్చి గోపురం.
ఎనుక గుట్ట వాలు మీద వంకాయపువ్వు రంగు చేను.
"ఏం పంటనే అది?"
సబ్బులకు వాసన పట్టిచ్చే పువ్వట నాయినా.
"తినరా?"
తినరు.
కొద్దిసేపు ఏం మాట్లాడలే.
"మరి మనుషులేరి?"

బొమ్మంత ఎతికిన. మనిషి లేడు.
దండెం మీద ఆరేసిన బట్ట లేదు,
గడప ముందట చెప్పుల జత లేదు, కుక్క లేదు.
ఒక్క పొగగొట్టం మీద మాత్రం సన్నగ పొగ.
"ఉన్నరు తియ్యి" అన్నడు నాయిన, "వంటయితాంది."
తెల్లారి పడుగు ఎక్కిచ్చిండు.

గీసెటోళ్ళు ఆకాశం కాడ మొదలువెడ్తరేమో, నాకు తెల్వది.
మేం నేల నుంచి ఎక్కుతం.
ముందు బాట. బాట పొంటి గడ్డి. గడ్డి మీద గోడ.
పంజా దెబ్బ దెబ్బకు
నూలుపోగు మందం నూలుపోగు మందం ఊరు లేస్తది.
ఒంపులు మాకు రావు, పోగులు లెక్కనే ఇంటయి;
గుండ్రం అన్నది మా తాన మెట్లు మెట్లుగ ఉంటది.
గోపురం నిచ్చెనయ్యింది.
బాట మలిగే కాడ మూల తేలింది,
కొత్తవాడల మా గల్లీ మలిగినట్టే.

గోడల బూడిదరంగు కుదరలే.
మూడుసార్లు నూలు తిప్పి పంపిండు,
ఒకసారి సిమెంటు లెక్కొచ్చిందని, ఒకసారి పిల్లి లెక్కొచ్చిందని.
ఆఖరికి అద్దకం రాజమౌళిని
సైకిల్ ఎనుక కూసుండవెట్టుకొని కోటకు తోల్కపోయి
ఒక బండ మీద సీసల నీళ్ళు గుమ్మరిచ్చి
ఆరకముందే చూడమని, "గిది" అన్నడు.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి దిగే దినాలు.
గాలి నిండ ఘాటు.
కండెలు సుట్టుకుంట నేను తుమ్మితే
ఫ్రాన్సు చేన్ల ఒక పోగు తెగింది.
ముడేసిండు. తడిమితే దొరుకుతది.

తమాషా ఏందంటే
నేసినకొద్ది ఊరు దోనెకు సుట్టుకుపోతది.
కప్పులు నేసేనాటికి తలుపులు కనవడవు.
గుట్ట నేసేనాటికి కప్పులు లేవు.
పొగ పెట్టిననాడు, ఒక్కటే తెల్లపోగు, ఏలితోటి,
అది ఎవలింటి పొయ్యిదో బొమ్మల చూసుకోవలసొచ్చింది.
రెండు నెలలు అండ్లనే ఉండి కూడ
ఆ ఊరును మేం నిండుగ చూడలే.

కోసిన పొద్దు, ఇప్పి నేల మీద పరిచినం.
నాయినా నేనూ తలుపు కాడ నిలవడ్డం
చెప్పులిప్పి.
అమ్మ బియ్యం చాట పట్టుకొని వచ్చింది.
జంపఖాన పరిచిందే కూసుండెటందుకు గదా అని
బాట నడుమ మఠమేసుకొని
రాళ్ళు ఏరవట్టింది.
నాయిన లెవ్వుమనలే.
మొగిలి వచ్చిందాక లెవ్వుమనలే.

మొగిలి టేపు పట్టి కొలిచిండు.
అడుగుకింత అని కూలి,
ఆకాశానికి గంతే, గోడకు గంతే.
గోపురం జర నిచ్చెన లెక్కున్నదన్నడు.
సుట్టసుట్టి ఆటోల ఏసుకపోయిండు.

హైదరాబాదుల ఏదో హోటలట.
గప్పటిసంది నాయినకు ఒక్కటే రంధి,
గోడకు ఏలాడదీసిన్రో, కింద పరిచిన్రో.
"కిందనే పరవాలె" అంటడు, అన్నం ముందట కూసొని.
"ఊరన్నంక
ఎవలన్న తొక్కాలె."